తేనెపీక పుట్టుపూర్వోత్తరాలు

ఉగాది సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాయవలసినదని సంఘ కార్యదర్శిగారు కోరినప్పుడు, తెలంగాణము నుంచి మన పద్మశాలీలు షోలాపురం వచ్చి మగ్గాలు నిలిపిన నాటి సంగతులు వ్రాద్దామనే అనుకున్నాను. అంతలో మా ఇంట ఒక చిన్న తగాదా వచ్చి నా దృష్టిని మరొక చరిత్రవైపు త్రిప్పినది.

మా అమ్మాయి పురిటికి వచ్చి ఉన్నది. బిడ్డకు ఆరు రోజులు. రాత్రివేళ ఒకటే ఏడుపు. బిడ్డను చూడవచ్చిన మా వియ్యపురాలు సంచిలో నుంచి రబ్బరు పీక ఒకటి తీసి, "వదినగారూ, కాస్త తేనె అద్ది నోట్లో పెట్టండి, అమ్మాయి కూడా కాసేపు కన్ను మూస్తుంది" అన్నారు. "ఆసుపత్రిలో నర్సమ్మ పీక మాట ఎత్తవద్దని మరీ మరీ చెప్పింది వదినగారూ" అని మా ఆవిడ. ఇద్దరూ నావైపు చూచినారు. చరిత్ర చదివినవాణ్ణి గనుక తీర్పు నేనే చెప్పాలట! నాకు తెలిసిన పని ఒక్కటే. పుస్తకాలు తిరగవేయడం మొదలుపెట్టినాను.

ముందు పేరు సంగతి చూడండి. తమిళదేశంలో దీనిని సూప్పాన్ అంటారు. మహారాష్ట్రులు చోఖణీ అంటారు. రెండింటికీ చప్పరించడమే మూలం. మనం మాత్రం తేనెపీక అన్నాము. ఆ తేనె ఊరికే చేరినది కాదు. పుట్టిన బిడ్డకు జాతకర్మలో తేనె, నెయ్యి నాకించడం మనకు అనాదిగా ఉన్న ఆచారం. తల్లికి మూడు నాలుగు రోజులకు గాని పాలు పడవనీ, అందాకా తేనె నెయ్యి ఇవ్వవలెననీ సుశ్రుతుడు చెప్పినాడు. రోము సామ్రాజ్యంలో, క్రీస్తుశకం 2వ శతాబ్దిలో, సొరానస్ అనే వైద్యుడు కూడా మొదట కాచిన తేనెయే పట్టమన్నాడు. ఒకరి పుస్తకం ఒకరు చూచి వ్రాసినది కాదు గదా, ఎంత విచిత్రం! ఈ భావం వల్లనే మన ఇళ్ళలో ముర్రుపాలు పిండి పారబోసేవారు. బిడ్డకు మొదటి రక్షణ ఆ ముర్రుపాలేనని ఇప్పుడు వైద్యులందరూ ఒప్పుకున్న మాట.

తేనె మాటకు వస్తే, పసిపిల్లలకు బొట్యులిజం అనే విషవ్యాధి ఉన్నదని 1976లో అమెరికాలో గుర్తించినారు. దాని బీజాలు కొన్ని తేనెలలో ఉంటాయి. పెద్దవాళ్ళను ఏమీ చేయవు, ఏడాది నిండని బిడ్డ ప్రేగులలో మాత్రం మొలకెత్తి విషం పుట్టిస్తాయి. కండరాలు చచ్చుబడి, చివరకు ఊపిరికే ముప్పు వస్తుంది. 2018లో టెక్సాస్ రాష్ట్రంలో నలుగురు పసివాళ్ళు ఈ వ్యాధితో ఆసుపత్రి పాలైనారు. ఆ నలుగురి నోళ్ళలోనూ ఉన్నవి మెక్సికోలో కొన్న తేనెపీకలు, అచ్చంగా మన పేరు గలవే! ఈ ముక్క చదివి వినిపించగానే మా వియ్యపురాలు తేనెసీసా తామే తీసుకువెళ్ళి వంటింట్లో పెట్టివచ్చినారు. సగం తగాదా అక్కడ తీరినది.

ఇక పీక. రబ్బరు రాకముందు ఐరోపాలో గుడ్డపీక ఉండేది. నూలుగుడ్డలో రొట్టెపొడి, పంచదార మూటకట్టి, తడిపి, బిడ్డ నోటికి ఇచ్చేవారు. జర్మను చిత్రకారుడు డ్యూరర్ 1506లో వేసిన మేరీమాత చిత్రం ఒకటి బెర్లినులో ఉన్నది. అందులో బాలయేసు చేతిమీద ఒక పిట్ట వాలి ఉంటుంది. ఒక చేతిలో ఈ గుడ్డమూటయే ఉంటుంది. దేవుని బిడ్డకు కూడా పీక తప్పలేదన్నమాట. ఇంగ్లండులో కలవారి పిల్లలకు వెండి పిడి వేసి, గంటలు కట్టిన పగడపు కొమ్మ ఇచ్చేవారు. పగడం దృష్టిదోషం పోగొడుతుందని వారికీ నమ్మకమే.

ఆ గుడ్డను కొందరు సారాయిలో తడిపేవారు, కొందరు నల్లమందు నీళ్ళలో తడిపేవారు. ఇక్కడ ఈ కథ నవ్వులాట కాకుండా పోతుంది. 19వ శతాబ్దంలో ఇంగ్లండు మిల్లులకు పోయే తల్లులు గాడ్‌ఫ్రీస్ కార్డియల్ అనే నల్లమందు ద్రావకం పట్టి బిడ్డలను నిద్రపుచ్చేవారు. అమెరికాలో మిసెస్ విన్‌స్లో పేరిట 1849 నుంచి అమ్మిన శాంతిమందులో ఉన్నది మార్ఫియా. పీక బిడ్డను ఊరుకోబెడుతుంది, మందు ఏకంగా మత్తులో ముంచుతుంది. మేలుకొని ఏడవని బిడ్డకు పాలు అందవు. చాలామంది తిరిగి లేవనేలేదు.

ఇది పరదేశుల కథ అనుకోవద్దు. బొంబాయి మిల్లులలో పనిచేసిన తల్లులు బిడ్డలకు బాలాగోలీ అనే నల్లమందు మాత్ర వేసి పనిలోకి పోయేవారని 1920 దశాబ్దంలో జరిగిన విచారణలు తేల్చినవి. ఆ మహానగరాన్ని కట్టిన కూలీలలో మన తెలంగాణపు కామాటీలున్నారు. వారి పేరుమీదనే కామాటిపురా ఉన్నది. షోలాపురం మిల్లులలోనూ మన ఆడవాళ్ళు పనిచేసినారు. ఆ మాత్ర వేసిన ఏ తల్లినీ నేను తప్పు పట్టలేను. పది గంటల పని, ఇంట మరొక మనిషి లేదు, పసిదానిని చంకన పెట్టుకొని పోతే కూలి లేదు. 1929లో బొంబాయి రాష్ట్రంలో ప్రసూతి సాయపు చట్టం వచ్చినది. దేశంలో అదే మొదటిది. 1948 ఫ్యాక్టరీల చట్టం పనిచోట శిశుగృహాలు పెట్టమన్నది. 1961లో దేశమంతటికీ ప్రసూతి చట్టం వచ్చి, 2017లో సెలవు 26 వారాలైనది. అయితే ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే తల్లికి ఆ సెలవు ఎవరిస్తారు?

రబ్బరును గంధకంతో కాచి గట్టిపరచే విద్యకు గుడ్‌ఇయర్ 1844లో హక్కుపత్రం పొందిన తరువాత రబ్బరు చన్నుమొనలు వచ్చినవి. చప్పరించే మొన, పెదవులకు అడ్డంగా బిళ్ళ, పట్టుకొనేందుకు ఉంగరం — ఇప్పటి ఈ ఆకారానికి 1900లో న్యూయార్కువాసి మైనికే హక్కు పొందినాడు. వైద్యులు వెంటనే దానిమీద పడినారు. నేలమీద పడినదానిని తుడిచి మళ్ళీ నోట్లో పెడతారు, ఈగలు వాలుతాయి, విరేచనాలు పట్టుకుంటాయి అని. అది నిజమే. మన పాత ఉగ్గుగిన్నె, అరవవారి పాలాడై, ఈ విషయంలో మేలు; కడగడం సుళువు. చప్పరించలేని బలహీనపు బిడ్డలకు ఆసుపత్రులలో ఇప్పటికీ పాలాడైతోనే పాలు పడతారు.

నర్సమ్మ వద్దన్న కారణం వేరు. పుట్టిన బిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు రొమ్ము కుడవాలి. ఎంత కుడిస్తే అంత పాలు ఊరుతాయి. మొదటి వారాలలో ఆ చప్పరింపు పీకకు పోతే తల్లికి పాలు తగ్గవచ్చు. ఆకలి ఏడుపు కూడా పీక చాటున మరుగుపడవచ్చు. అదిగాక రొమ్ము కుడవడానికి బిడ్డ నోరు బాగా తెరవాలి, పీకకు అక్కరలేదు. అందుచేత 1989లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి ప్రకటించిన పది సూత్రాలలో తొమ్మిదవది, తల్లిపాలు త్రాగే బిడ్డకు పీక ఇవ్వరాదని చెప్పినది.

తరువాత పరీక్షలు జరిగినవి. 2001లో మాంట్రియల్‌లో 281 మంది తల్లులతో చేసిన పరిశోధన, పాలు తగ్గడానికి పీక కారణం కాకపోవచ్చుననీ, పాలివ్వడంలో కష్టపడే తల్లులే పీకను ఆశ్రయిస్తున్నారనీ సూచించినది. 2009లో ప్రకటించిన అర్జెంటీనా పరిశోధనలో వెయ్యిమంది పైచిలుకు తల్లులున్నారు. పాలు కుదిరిన తరువాత, 15వ రోజున పీక ఇచ్చి చూచినారు. మూడు నెలలకు తల్లిపాల విషయంలో తేడా కనబడలేదు. పైగా నిద్రవేళ పీక ఉన్న బిడ్డలలో ఉయ్యాల మరణాలు తక్కువని తేలి, 2005లో అమెరికా శిశువైద్య సంఘం నిద్రకు పీక ఇవ్వవచ్చునన్నది. అయితే చనుబిడ్డలకు పాలు బాగా కుదిరే దాకా, అంటే ఒక నెల ఆగమన్నది. మెడకు దారం మాత్రం కట్టరాదు. 2018లో తొమ్మిదవ సూత్రాన్ని కూడా సవరించి, ఇవ్వరాదన్న చోట తల్లికి వివరించి చెప్పమన్నారు.

ఇదంతా చదివి వినిపించేసరికి రాత్రి పదకొండైనది. మా వియ్యపురాలు ఓపికగా విని, "అయితే అన్నయ్యగారూ, నేను మూడు వారాలు ముందు వచ్చానన్నమాట" అని నవ్వినారు. మా ఆవిడ ఆ పీకను నీళ్ళలో మరగకాచి, మూత డబ్బాలో పెట్టి, అటక దించి వెతకనక్కరలేకుండా అలమారు పై అరలోనే ఉంచినది. అంతలో గదిలో మళ్ళీ ఏడుపు వినవచ్చినది. ఇద్దరు వదినగార్లూ లేచి లోపలికి వెళ్ళి, అమ్మాయిని గోడకు ఆనించి కూర్చోబెట్టి, బిడ్డను ఒడిలోకి అందించినారు.