అమీర్‌పేటలో ఆరు కుర్చీలు

అమీర్‌పేట అనగానే మీకు గుర్తొచ్చేవి కోచింగ్ సెంటర్లు, కరపత్రాలు చేతిలో కుక్కే కుర్రాళ్ళు, మైత్రీవనం ముందు జనం. 2017లో మెట్రో వచ్చాక ఆ జనం ఇంకా పెరిగారు. కానీ మెయిన్ రోడ్డు వదిలి లోపలి గల్లీల్లోకి రండి. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా ఇంకా కొన్ని పాత ఇళ్ళు మిగిలి ఉన్నాయి. గేటు మీద కాగితంపూల చెట్టు, వరండాకి గ్రిల్లు, లోపల మొజాయిక్ నేల. అవి కూడా ఒక్కొక్కటిగా బిల్డర్ చేతికి వెళ్తున్నాయి. ఇల్లు ఖాళీ చేసే వారంలో గేటు ముందు కబాడీ బండి ఆగుతుంది. మంచాలు, గంగాళాలు, ఆల్విన్ బీరువా, వాటి మధ్య కాళ్ళు పైకెత్తి పడేసిన భోజనాల కుర్చీలు.

ఆ కుర్చీల గురించే ఈ కబుర్లు.

మాకు డైనింగ్ కుర్చీలు కావలసి వచ్చి షోరూములన్నీ తిరిగాను. బరువు చూస్తే ఏనుగు, లోపల చూస్తే పొట్టు అతికించిన చెక్క. మా అమ్మాయి ఫోన్లో ఫోటోలు పంపి "ఇలాంటివి చూడమ్మా, మిడ్-సెంచురీ మోడర్న్ అంటారు" అంది. ఫోటో చూసి నవ్వొచ్చింది. సన్నగా, కిందికి పోయేకొద్దీ ఇంకా సన్నబడుతూ, కొంచెం వాలుగా ఉండే కాళ్ళు. చెక్కడాలు, లతలు, సింహం పంజాలు ఏమీ లేవు. వీపుకి పేము అల్లిక. ఇలాంటివి మా చిన్నప్పుడు మేష్టారి ఇంట్లోనూ, బ్యాంకు మేనేజరుగారి ఇంట్లోనూ చూసినవే!

ఆ పేరు ఆ కుర్చీలంత పాతది కాదు. కారా గ్రీన్‌బర్గ్ అనే అమెరికన్ రచయిత్రి 1984లో రాసిన పుస్తకానికి ఆ పేరు పెడితే అది వాడుకలో స్థిరపడింది. ఆ కుర్చీలు మాత్రం రెండో ప్రపంచయుద్ధం తర్వాతివి. ఇళ్ళు చిన్నవయ్యాయి, నౌకర్లు తగ్గారు, ఇంటి ఇల్లాలే కుర్చీ జరిపి ఊడ్చుకోవాలి. అందుకని తేలిగ్గా, తక్కువ కర్రతో, తుడవడానికి వీలుగా చేయడం మొదలుపెట్టారు. డెన్మార్క్‌లో హాన్స్ వెగ్నర్ 1949లో గీసిన కుర్చీ, అమెరికాలో ఛార్ల్స్, రే ఈమ్స్ దంపతులు వంచిన ప్లైవుడ్‌తో చేసిన కుర్చీ ఆ బాపతువే. ఈమ్స్ దంపతులు మన దేశం కూడా వచ్చారు. వాళ్ళు 1958లో ఇచ్చిన నివేదిక ఆధారంగానే 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ వచ్చింది. ఆ నివేదికలో వాళ్ళు అన్నిటికన్నా మెచ్చుకున్న వస్తువేమిటో తెలుసా? మన చెంబు.

ఇంకో సంగతి మన హైదరాబాద్ వాళ్ళం గొప్పగా చెప్పుకోవచ్చు. పుదుచ్చేరిలో అరవిందాశ్రమం వారి "గోల్కొండ్" అనే వసతిగృహం ఉంది. 1937లో పని మొదలైంది. దేశంలో తొలి ఆధునిక కట్టడాల్లో ఒకటిగా దాన్ని చెప్తారు. దానికి లక్ష రూపాయలు ఇప్పించినవారు నిజాం దివాను సర్ అక్బర్ హైదరీ. అందుకే దానికి మన కోట పేరు. అక్కడ పని చూసుకోవడానికి వచ్చిన జార్జ్ నకషిమా, ఆ గదులకి టేకు సామాను గీశాడు. తర్వాత అమెరికాలో ఆయన చెక్కపనికి ప్రపంచమంతా పేరొచ్చింది.

అదే హైదరాబాద్‌లో ఫలక్‌నుమా ప్యాలెస్ భోజనాల హాల్లో 101 మంది కూర్చునే బల్ల ఉంది. ఆ ఊళ్ళోనే మామూలు ఇళ్ళల్లో అందరూ నేల మీదే తినేవారు. మన ఇళ్ళల్లో పీటలు, విస్తళ్ళు. ముస్లిముల ఇళ్ళల్లో దస్తర్‌ఖాన్. బల్ల ముందు కుర్చీలో కూర్చుని తినడం చాలామందికి మొదట అలవాటైంది హోటల్లో. ఇరానీ హోటళ్ళలోని వంపు కర్ర కుర్చీలు గుర్తున్నాయా? వాటి మూలం 1859లో వియన్నాలో థోనెట్ కంపెనీ చేసిన పద్నాలుగో నంబరు కుర్చీ. ఆరు కర్ర ముక్కలు, పది మరలు. విడదీసి పెడితే ఒక ఘనమీటరు పెట్టెలో ముప్ఫై ఆరు కుర్చీలు పట్టేవి. ఓడలెక్కి లోకమంతా తిరిగింది అందుకే.

మరి ఇంట్లోకి బల్ల ఎందుకంత ఆలస్యంగా వచ్చింది? డబ్బు ఒక్కటే కారణం కాదని నాకనిపిస్తుంది. నేల మీద తింటే ఎంగిలెత్తి, నీళ్ళు చల్లి తుడిస్తే శుద్ధి అయిపోయేది. కర్ర బల్లని అలా ఎలా కడుగుతారు? మడీ తడీ ఉన్న ఇంట్లో అది పెద్ద చిక్కే. తర్వాత సన్‌మైకా అతికించిన బల్లలు వచ్చాయి. తడిగుడ్డతో ఒక్క తుడుపు తుడిస్తే చాలు. పెద్దవాళ్ళు కూడా మెత్తబడ్డారు. దాంతోపాటే ఇంకో మార్పు. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, రాజధాని కర్నూలు నుంచి హైదరాబాద్‌కి మారింది. వేలమంది ఉద్యోగులు పెట్టె బేడా సర్దుకుని వచ్చారు. ఆ తర్వాతి ఇరవయ్యేళ్ళలో అమీర్‌పేట, సంజీవరెడ్డి నగర్, శ్రీనగర్ కాలనీ, పంజాగుట్ట వైపు ఇళ్ళు లేచాయి. కొత్త ఇంట్లో వంటింటికీ హాలుకీ మధ్య ఒక చోటు మిగిలింది. ఆ చోటుకే "డైనింగ్" అని పేరు.

పంజాగుట్టలో అలాంటి ఒక ఇంట్లోనే నాకు కుర్చీలు దొరికాయి. ఇల్లు బిల్డర్‌కి ఇచ్చేసి, కొడుకు ఫ్లాట్‌కి వెళ్ళిపోతున్న పెద్దావిడ. వయసు ఎనభై దాటి ఉంటుంది. వాళ్ళాయన కర్నూలు నుంచి ఫైళ్ళతో పాటు వచ్చిన ఉద్యోగి. కుర్చీలు షాపులో కొన్నవి కావు. టింబర్ డిపోలో టేకు కొని, వడ్రంగిని ఇంటికి పిలిపించి, ఏదో ఇంగ్లీషు పత్రికలో బొమ్మ చూపించి చేయించారట. వరండాలో నెలరోజులు చిత్రిక పట్టిన చప్పుడేనట.

"కబాడీ అతను అన్నిటికీ కలిపి పదిహేను వందలిస్తానన్నాడు. నువ్వు కూర్చోడానికి తీసుకెళ్తానంటున్నావు. నీకు తోచింది ఇవ్వమ్మా" అన్నారావిడ.

"ఆరు కుర్చీలేనాండీ చేయించింది?" అన్నాను.

"ఆరే. ఇంట్లో ఏడుగురం. ఏడోది ఎవరికని వడ్రంగి అడిగాడు. 'కోడలు వడ్డిస్తుందిగా, దానికెందుకు' అన్నారు మా అత్తగారు. ఆవిడ పోయి, పెద్దాడు హాస్టల్‌కి వెళ్ళాక ఓ కుర్చీ ఖాళీ అయింది. అప్పుడు కూర్చున్నా."

కోపంగా చెప్పలేదు. బియ్యం ధర చెప్పినట్టు చెప్పారు. నేనే కాసేపు ఏం మాట్లాడలేకపోయాను. పుస్తకాల్లో కుర్చీ చరిత్ర అంటే గీసినవాడి పేరు, చేసిన ఏడాది ఉంటాయి. ఎవరు కూర్చున్నారో, ఎవరు నిలబడ్డారో ఎక్కడా ఉండదు. ఆరింటికీ పన్నెండు వేలు ఇచ్చాను. ఆవిడ ఎక్కువంటే నేను తక్కువన్నాను. బేరం తిరగబడిందని ఆటో అతను నవ్వాడు.

మీరూ వెతుకుతుంటే నాలుగు మాటలు. ఎవరైనా "ఇది యాంటిక్ మేడమ్" అంటే నవ్వి ఊరుకోండి. 1972 చట్టం ప్రకారం మామూలుగా వందేళ్ళు నిండినదే పురావస్తువు. "చండీగఢ్ కుర్చీ, ఒరిజినల్" అంటే ఇంకా జాగ్రత్త. లె కార్బూజియే బంధువు పియేర్ జానరే 1951 నుంచి 1965 దాకా చండీగఢ్‌లో ఉండి, ఆఫీసులకీ కాలేజీలకీ టేకు, పేముతో కుర్చీలు చేయించాడు. ఆ పనిలో యూలీ చౌధురి అనే మన మహిళా ఆర్కిటెక్టు చేయి కూడా ఉంది. ఆమె పేరు తలచేవాళ్ళు తక్కువ. తర్వాత అవి పాతబడి, ఆఫీసుల వెనక గుట్టలుగా పడి, తుక్కు ధరకి వేలంలో పోయాయి. విదేశీ వ్యాపారులు బాగుచేసి లక్షలకి అమ్ముకున్నారు. 2011లో కేంద్ర హోం శాఖ వాటి అమ్మకాలు ఆపమని ఆదేశించింది. వాటి మీద రంగుతో రాసిన ఆఫీసు నంబర్లు ఉండేవి. ఇప్పుడు ఆ నంబర్లు కూడా నకలు చేసేవాళ్ళున్నారు. కాబట్టి పేరుకి డబ్బివ్వకండి, కర్రకివ్వండి.

కర్ర ఎలా చూడాలంటే, కుర్చీ తిరగేయండి. అడుగున పాలిష్ ఉండదు, టేకు రేఖలు తెలిసిపోతాయి. సన్నటి చిల్లులు, కింద పిండిలాంటి పొడి ఉంటే పురుగు ఇంకా తొలుస్తోందని అర్థం. వదిలేయండి. కూర్చుని అటూ ఇటూ ఊగండి. కర్రలో కర్ర దూర్చి బిగించిన అతుకు వదులైతే భయంలేదు, వడ్రంగి విప్పి మళ్ళీ బిగిస్తాడు. మేకులు కొట్టి ఉంటే మాత్రం ఎవరో తొందరపడ్డారన్నమాట. పేము తెగితే దిగులుపడకండి, మళ్ళీ అల్లించుకోవచ్చు. టేపు తీసుకెళ్ళండి. బల్ల ముప్ఫై అంగుళాలుంటే సీటు పదిహేడూ పద్దెనిమిది మధ్య ఉండాలి.

మా ఇంట్లో ఇప్పుడు నలుగురం, ఆరు కుర్చీలు. గిన్నెలన్నీ బల్ల మధ్యలో పెట్టేసి అందరం ఒకేసారి కూర్చుంటున్నాం. కావలసింది ఎవరికి వాళ్ళు వడ్డించుకుంటారు. "వడ్డించేవాళ్ళు లేని భోజనమేమిటే" అని మా అత్తయ్యగారు మొదట్లో సణిగారు. ఇప్పుడు అన్నం ముందుగా పెట్టుకునేది ఆవిడే.

మీ అమ్మగారినో అత్తగారినో ఓ రెండు ప్రశ్నలు అడిగి చూడండి. ఇంట్లోకి మొదటి డైనింగ్ టేబుల్ ఏ ఏడాది వచ్చింది? అందరితో కలిసి దాని ముందు మీరు ఎప్పుడు కూర్చున్నారు? రెండింటి మధ్య ఎన్నేళ్ళున్నాయో లెక్క కట్టి, ఎక్కడైనా రాసిపెట్టుకోండి.