స్విఫ్ట్ బానెట్ కింద ఫియట్ ఇంజన్: సెకండ్ హ్యాండ్ డీజిల్ కొనేముందు తెలియాల్సిన చరిత్ర

ఈరోజు టాపిక్ సెకండ్ హ్యాండ్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్‌లు. రివ్యూ కాదు. ఆ కార్లలోకి ఆ ఇంజన్లు ఎలా వచ్చాయి, ఎందుకు వెళ్లిపోయాయి అన్నది చెప్తాను. కొత్త కారు కొనేవాళ్లకి ఈ కథతో పెద్దగా పనిలేదు, వారంటీ ఉంటుంది. పన్నెండేళ్ల బండి కొనేవాళ్లకి మాత్రం ఈ కథే పనికొస్తుంది.

మాది ఏటికొప్పాక. వరాహ నది ఒడ్డున లక్క బొమ్మల ఊరు. మా బావ బొమ్మల పెట్టెలు సర్దుకుని వారానికి మూడుసార్లు విశాఖ షాపులకి వేసొస్తాడు, రానూపోనూ 130 కిలోమీటర్లు. సీజన్‌లో నర్సీపట్నం మీదుగా లంబసింగి ఘాట్ కూడా ఎక్కాలి. చేతిలో మూడు లక్షలున్నాయి. స్విఫ్ట్, ఫిగో, ఐ20, పోలో, నాలుగూ 2012, 2013 మోడళ్లే, నాలుగూ డీజిలే చూసొచ్చాడు. "డీజిల్ పని అయిపోయిందంటున్నారు కదరా, కొంటే మునిగిపోతానా?" అని అడిగాడు. ఉన్నదంతా పెట్టేస్తున్నాడు కాబట్టి తేలిగ్గా చెప్పేసే జవాబు కాదిది.

ముందు డీజిల్ అంటే ఏంటో. మా ఊళ్లో లేత్ మీద అంకుడు కర్ర గిర్రున తిరుగుతుంటే లక్క కడ్డీ ఆనిస్తారు. మంట ఉండదు. రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. డీజిల్ ఇంజన్‌లో కూడా నిప్పురవ్వ ఇచ్చే స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టిన వేడికే ఇంధనం అంటుకుంటుంది. అంత ఒత్తిడి తట్టుకోవాలి కాబట్టి ఇంజన్ బరువు, ఖరీదు రెండూ ఎక్కువే. అందుకే చాలాకాలం అది లారీలకీ ట్రాక్టర్లకీ పరిమితమైంది.

మన దగ్గర చిన్న కారులోకి డీజిల్‌ని జనం వాడుకలోకి తెచ్చింది టాటా ఇండికా. 1998 డిసెంబర్ 30న వచ్చింది. 1405 సీసీ, టర్బో లేదు, 53 పీఎస్ చిల్లర పవర్. పొగ, చప్పుడు, వణుకు అన్నీ ఉండేవి. కానీ పంపు నుంచి ఇంజెక్టర్ దాకా అంతా మెకానికలే, కాబట్టి రోడ్డు పక్క మెకానిక్ కూడా విప్పి బిగించేసేవాడు. టాక్సీ స్టాండ్లు దాన్ని ఎందుకంతగా నమ్ముకున్నాయో దీన్నిబట్టి అర్థమవుతుంది. అదే ఏడాది మారుతి కూడా జెన్‌లో ప్యూజో వాళ్ల 1.5 డీజిల్ పెట్టింది. పెద్దగా నిలబడలేదు. గుర్తుపెట్టుకోండి, మారుతికి అప్పుడూ సొంత డీజిల్ లేదు, తర్వాత చాలా ఏళ్లూ లేదు.

అసలు మలుపు ఇటలీలో తిరిగింది. డీజిల్‌ని ఒకే ఉమ్మడి పైపులో భారీ ఒత్తిడితో నిల్వ ఉంచి, కంప్యూటర్ చెప్పిన క్షణంలో ఇంజెక్టర్ తెరిచే కామన్ రైల్ పద్ధతి మీద ఫియట్ పనిచేసింది. చివరికి ఆ టెక్నాలజీని బాష్‌కి ఇచ్చేసింది. 1997లో ఆల్ఫా రోమియో 156తో అది కార్లలోకి వచ్చింది. 2003లో జనరల్ మోటార్స్‌తో కలిసి ఫియట్ 1248 సీసీ మల్టీజెట్ తెచ్చింది. మారుతి ఆ డిజైన్‌నే లైసెన్స్ మీద తీసుకుని మానేసర్‌లో తయారుచేయించి, డీడీఐఎస్ పేరుతో 2007లో స్విఫ్ట్‌లో పెట్టింది. టాటా దాన్నే క్వాడ్రాజెట్ అంది, ఇండికా విస్టాలో పెట్టింది. ఫియట్ పుంటోలో మల్టీజెట్, షెవర్లే సెయిల్‌లో స్మార్టెక్. పేర్లు నాలుగు, మూలం ఒక్కటే. ఆటో పత్రికలవాళ్లు దీనికి 'నేషనల్ ఇంజన్' అని ఊరికే పేరు పెట్టలేదు.

మరి జనం ఎందుకంత ఎగబడ్డారు? ఇంజన్ గొప్పతనం కొంతే. మిగతాది ప్రభుత్వ లెక్క. 2010 జూన్‌లో పెట్రోల్ ధర మీద నియంత్రణ తీసేశారు, డీజిల్ మీద ఉంచేశారు. 2012 మేలో ఢిల్లీలో లీటర్ పెట్రోల్ ₹73 దాటితే డీజిల్ ₹41 దగ్గరుంది. ఆ రోజుల్లో అమ్ముడైన కార్లలో సగానికి పైగా డీజిలే. కంపెనీలన్నీ హడావుడిగా చిన్న డీజిల్ ఇంజన్లు దింపింది ఈ సందులోనే. 2013 జనవరి నుంచి నెలనెలా అర్ధరూపాయి చొప్పున పెంచుతూ, 2014 అక్టోబర్‌లో డీజిల్‌నీ వదిలేశారు. ఆ తర్వాత 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చింది. పొగ శుభ్రం చేసే సామాను ధర చిన్న కారుకి మోయలేని భారమైంది. మారుతి ఏడాది ముందే, 2019 ఏప్రిల్‌లో, డీజిల్ ఆపేస్తామని చెప్పేసింది.

ఇప్పుడు బావ ప్రశ్నకొద్దాం. తేడా తగ్గింది కాబట్టి డీజిల్ దండగ అంటారు. లెక్క వేద్దాం. పెట్రోల్ బండి 15, డీజిల్ 20 మైలేజ్ అనుకుందాం. 2012 ఢిల్లీ ధరలతో కిలోమీటరుకి మిగిలేది దాదాపు ₹2.80. ఇప్పుడు మన దగ్గర పెట్రోల్ ₹110, డీజిల్ ₹98 అనుకున్నా ₹2.40 మిగులుతుంది. అంటే పెద్దగా తగ్గలేదు! కాకపోతే అప్పటి రూపాయి విలువ వేరు, అప్పటి బండి కొత్తది. బావ నెలకి 1,500 కిలోమీటర్లు తిరుగుతాడు, అతనికి నెలకి ₹3,600 మిగులుతుంది. నెలకి 400 తిరిగేవాళ్లకి మిగిలేది వెయ్యి లోపే. ఒక్కసారి టర్బోనో ఇంజెక్టర్లో పోతే ఆ మిగులు ఏళ్లకేళ్లు తుడిచిపెట్టుకుపోతుంది. అలాంటివాళ్లు పెట్రోల్ చూసుకోండి, ఇంక ఈ వీడియోతో పనిలేదు.

నాలుగింటిలో స్విఫ్ట్‌కి 75 పీఎస్, 190 న్యూటన్ మీటర్లు. సుమారు 1,800 ఆర్‌పీఎమ్ దాకా టర్బో మేలుకోదు, ఘాట్‌లో హెయిర్‌పిన్ తిరిగేటప్పుడు గేర్ తగ్గించక తప్పదు. టైమింగ్ చెయిన్ ఉంది, బెల్ట్ మార్చే ఖర్చు లేదు. కానీ ఆ చెయిన్‌ని బిగువుగా పట్టేది ఆయిల్ ప్రెషరే. ఆయిల్ మార్చకుండా లాగించిన బండి అయితే చెయిన్ సాగుతుంది. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయించి వినండి, గలగలమంటే వదిలేయండి. మనం వెళ్లేసరికే ఇంజన్ వేడిచేసి ఉంచారంటే మర్నాడు మళ్లీ వెళ్లండి.

ఫిగోది ఫోర్డ్, ప్యూజో-సిట్రోయెన్ కలిసి చేసిన 1.4. పవర్ 69 పీఎస్సే, కానీ టర్బో కుదుపు లేకుండా సాఫీగా లాగుతుంది. దీనికి టైమింగ్ బెల్ట్. అది తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులకి తగులుతాయి. మార్చిన బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క. ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ మానేసింది, సర్వీసు ఇస్తామంది. ఐ20 1.4 సీఆర్‌డీఐ ఈ నాలుగింటిలో బలమైనది, 90 పీఎస్, చెయిన్ కూడా. ఘాట్‌కి నాకైతే ఇదే ఇష్టం. పోలో 1.2 టీడీఐ మూడు సిలిండర్లది, వణుకు తెలుస్తుంది. 2015లో బయటపడిన ఉద్గారాల మోసం గుర్తుందా? మన దేశంలోనూ ఆ గ్రూపు 3.23 లక్షల కార్లని వెనక్కి పిలిచింది, ఈ ఇంజన్ కూడా ఆ లిస్టులో ఉంది. ఆ సాఫ్ట్‌వేర్ మార్చారో లేదో అడగండి.

నేను బావకి చెప్పింది స్విఫ్ట్. నలుగురు అన్నదమ్ముల ఇంజన్ కాబట్టి పార్ట్ దొరుకుతుంది, చేయి తిరిగిన మెకానిక్ నర్సీపట్నంలో అయినా, అనకాపల్లిలో అయినా ఉంటాడు. అయితే టాటా పార్ట్ మారుతికి అన్నీ సరిపోవు, పార్ట్ నంబర్ చూసే కొనాలి. డబ్బాల్లో అమ్మే డీజిల్ మాత్రం పోయొద్దని గట్టిగా చెప్పాను. ఇండికా అయితే ఎలాగోలా తాగి అరిగించుకునేది, కామన్ రైల్ ఇంజెక్టర్ సన్నటి రంధ్రాలకి చుక్క నీళ్లున్నా ముప్పే.

ఆర్‌సీ తేదీ కూడా చూడండి. 2012 బండికి 2027తో పదిహేనేళ్లు నిండుతాయి, తర్వాత ఫిట్‌నెస్, రెన్యువల్, గ్రీన్ ట్యాక్స్. 2013 స్విఫ్ట్‌కి ఇంకో ఏడాది ఎక్కువ టైముంది. బేరంలో ఆ ఏడాదికి ఎంత ఇవ్వొచ్చో కామెంట్స్‌లో చెప్పండి, బావ చదువుతాడు.