పెన్సిలు గీతతో ఊడిన తాళము

బడిపిల్లలు లెక్కలు చేసికొను పెన్సిలుతో చిన్న గీత గీసినంతనే కంప్యూటరు ప్రాసెసరు వేగమునకు కర్మాగారము వేసిన తాళము ఊడివచ్చెడిదని తెలిసినప్పుడు నాకు కలిగిన ఆనందము ఇంతింత యనరానిది. 2000వ సంవత్సరపు ఏఎమ్‌డీ డ్యూరాన్ చిప్పు పైభాగమున ఎల్1 అను చుక్కల వరుస యొకటి కలదు. ఆ చుక్కల నడిమి వంతెనలను కంపెనీవారు లేజరుతో తెగగోయగా, గ్రాఫైటు విద్యుద్వాహకము గనుక, మొనదేలిన పెన్సిలు వానిని మరల కలిపెడిది. గీత ప్రక్క చుక్కకు సోకెనా, స్పిరిటుతో తుడిచి మొదటికి రావలసినదే.

ప్రాసెసరు వేగమును పెంచు ఈ విద్య అంతకుముందే కలదు. 1984 నాటి ఐబీఎమ్ ఏటీలో 12 మెగాహెర్ట్జ్ స్ఫటికమును పెరికి 16ది గుచ్చినచో, స్ఫటికములో సగము వేగమున, అనగా 6తో నడచు ప్రాసెసరు 8తో పరుగిడెడిది. ఐబీఎమ్ వారది పసిగట్టి తరువాతి బయాస్‌లో, అనగా యంత్రమును మేల్కొలుపు మూలప్రోగ్రాములో, వేగపరీక్ష పెట్టిరి.

నా దృష్టిలో స్వర్ణయుగమనిన 1998 ఆగస్టున వచ్చిన ఇంటెల్ సెలరాన్ 300ఏ కాలమే. దాని గుణకము నాలుగున్నర వద్ద బిగింపబడినది. కాని ఆ గుణకము హెచ్చించు బస్సు (బోర్డుపై సమాచారమార్గము) వేగమును 66 మెగాహెర్ట్జ్ నుండి 100కు జరిపినచో 300 కాస్తా 450 అయ్యెడిది. బోర్డు ఒప్పుకొనదా, బీ21 అను కాలుపై టేపు ముక్క అంటించి దానిని మభ్యపెట్టెడివారు. 149 డాలర్ల చిప్పు 669 డాలర్ల పెంటియం 2కు సాటివచ్చుట వణిజులకు రుచించునా! 2001లో ఏఎమ్‌డీ వారి అథ్లాన్ ఎక్స్‌పీ వంతెనల చోట లేజరు గుంటలే తవ్వెను, పెన్సిలు చేతకానిదయ్యెను. 2010 నుండి ఇంటెల్ వారు పేరు చివర ‘కె’ చేర్చి, అదే స్వేచ్ఛను అదనపు వెలకు అమ్మసాగిరి. బీదవాని చేతినేర్పునకు కౌంటరు వద్ద బిల్లు వేయుట నాకు నేటికిని మింగుడుపడదు.

సికిందరాబాదు పార్క్‌లేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట పాత కోర్ 2 క్వాడ్ క్యూ6600 దొరకగా, దానిని ఫ్యాక్టరీల పటాన్‌చెరు చేర్చినవాడు మాత్రము నేటికిని బయాస్‌లో బస్సు వేగమును 266 నుండి 333 చేసి, 2.4 గిగాహెర్ట్జును 3కు పెంచుకొనవచ్చును. అయితే ఫ్యానుతో చల్లబడు ప్రాసెసరు గదిగాలి కన్న చల్లనగుట కల్ల. ఫ్యాక్టరీ దుమ్ము హీట్‌సింకు రేకుల నడుమ మెత్తగా పేరుకొన్నచో ఆ గాలియు లోనికి చొరదు. డిసెంబరు రాత్రి నిక్షేపముగ నడచిన యంత్రము, నలువది డిగ్రీలు దాటిన మే మధ్యాహ్నమున బిగుసుకొనుటకు కారణమిదే. అప్పుడు రేకులు దులిపి, థర్మల్ పేస్టు కొత్తది పూసి, అప్పటికిని లొంగనిచో వానలు పడువరకు 266తోనే నడపవలెను.