వినువాడే పంచువాడైనప్పుడు



కడప జిల్లా వేముల మండలములోని తుమ్మలపల్లెలో ఒక గృహస్థుడు సాయంకాలము అరుగుమీద కూర్చుండి రేడియో మీట త్రిప్పెననుకొందము. ఆయన కడప కేంద్రమును వినుచున్నాడో, విదేశపు కేంద్రమును వినుచున్నాడో పొరుగింటివారికి తప్ప మరెవ్వరికిని తెలియదు. ఒకప్పుడు రేడియో పెట్టెకు తపాలా కార్యాలయములో ఏటేట రుసుము చెల్లించి లైసెన్సు పొందవలసి యుండెడిది. 1980వ దశకములో ఆ పద్ధతి రద్దయ్యెను. లైసెన్సు వలన ఏ యింట పెట్టె యున్నదో ప్రభుత్వమునకు తెలిసెడిదే కాని, ఆ పెట్టె ఏమి పలుకుచున్నదో తెలియకుండెడిది. రేడియో స్వీకరించును, కేంద్రమునకు బదులు చెప్పదు. వినువానికి గల మరుగంతయు ఈ యొక్క గుణములోనే యున్నది.

పాటలను, చిత్రములను కంప్యూటరుల ద్వారా పంచుకొను కాలము వచ్చినప్పుడు జనులు ఈ రేడియో అలవాటునే వెంట తెచ్చుకొనిరి. గదిలో ఒంటరిగా నున్నాము, మనలను చూచువారెవరని తలచిరి.

నకలు తీసి పంచుకొనుట మన సీమకు క్రొత్త కాదు. 1820లో కడపకు వచ్చిన బ్రౌను దొర పండితులకు తన సొమ్ము జీతముగా నిచ్చి, తాళపత్ర గ్రంథములకు నకళ్లు వ్రాయించెను. మన తాళపత్ర లేఖకులు పేరు దాచుకొనువారు కారు. గ్రంథాంతమున తమ పేరును, తిథి వారములను వ్రాసి, తప్పులున్న మన్నింపుడని వేడుకొనుట వారి ఆచారము. నకలు పుణ్యముగా నెంచబడిన దినములవి. స్వతంత్ర భారతమున కాపీరైటు చట్టము 1957లో వచ్చి, 1958 జనవరి 21 నుండి అమలయ్యెను.

1999లో అమెరికాలో నాప్‌స్టరు వెలసెను. అందు పాటలు ఎవరి కంప్యూటరులో వారివే. ఏ పాట ఎవరి యొద్ద కలదో తెలుపు సూచిక మాత్రము సంస్థ చేతిలో నుండెను. 2001లో న్యాయస్థానము సంస్థను పట్టుకొనగానే ఆ సూచికతో పాటు సర్వమును మూతపడెను. ఆ సంవత్సరమే బ్రామ్ కోహెన్ అను యువకుడు బిట్‌టారెంటును వెలువరించెను. దాని పద్ధతి చిత్రమైనది. ఒక తాళపత్ర గ్రంథపు త్రాడు విప్పి, వచ్చిన వారందరికి తలకొక ఆకు నిచ్చితిమనుకొనుడు. ప్రతివాడును తనకు దొరకిన ఆకునకు నకలు తీసికొనుచు, అప్పటికే తాను వ్రాసిన ఆకులను ఇతరులకు ఇచ్చుచుండును. తీసికొనుట, ఇచ్చుట ఒకే క్షణమున జరుగును. ఇది స్వీకరించు పెట్టె మాత్రమే కాదు, ప్రసార కేంద్రము కూడ.

ఆకులు ఇచ్చిపుచ్చుకొనవలెనన్న ఒకరి విలాసము ఒకరికి తెలియవలయును. ఐ.పీ. చిరునామా యను అంకెల వరుసయే ఆ విలాసము. గుంపులో చేరిన ప్రతివానికిని అది కనబడును. హక్కుదారుల మనిషి కూడ గుంపులో చేరి, ఆ అంకెలను వ్రాసికొనవచ్చును. ఆ ఘడియలో ఆ అంకెలు ఏ చందాదారునికి కేటాయింపబడినవో ఇంటర్నెట్టు సంస్థ చిట్టాలో నుండును.

ఈ సంగతి లోకమునకు 2003 సెప్టెంబరులో బాగుగా తెలిసివచ్చెను. అమెరికా పాటల కంపెనీలు ఒక్కమారుగా 261 మందిపై వ్యాజ్యములు వేసినవి. అందు న్యూయార్కులోని పండ్రెండేండ్ల బాలిక యొకతె. ఆమె తల్లి 2,000 డాలర్లు చెల్లించి రాజీపడెను.

మన దేశములో గృహస్థులపై అట్టి వ్యాజ్యములు అరుదు. ఇచ్చట కథ వేరు దారి పట్టెను. 2012లో తెలుగు చిత్రము 'దమ్ము', తమిళ చిత్రము '3' కొరకు మద్రాసు హైకోర్టులో ఉత్తరువులు పొందిరి. 1954లో గుంటూరున ఆంధ్ర హైకోర్టు వెలయువరకు కడప, కర్నూలు వ్యాజ్యములు కూడ పోవుచుండినది అచ్చటికే. అజ్ఞాత ప్రతివాదికి ఆంగ్ల న్యాయవాదులు జాన్ డో యని పేరు పెట్టగా, మనవారు అశోక్ కుమార్ అనిరి. పాపము, ఆ పేరు గల నిజమైన పెద్దమనుషులు ఎందరు కలరో! ఇంటర్నెట్టు సంస్థలు భయపడి మొత్తము సైట్లనే మూసివేసినవి. చట్టబద్ధమైన సరకును వాటితో పాటు పోయెను. జూన్ నెలలో న్యాయస్థానము, చూపబడిన పుటలనే ఆపవలయును గాని సైటునంతయు గాదని వివరించెను.

మరుసటి యేడు 'అత్తారింటికి దారేది' చిత్రములోని గంటన్నర భాగము విడుదలకు ముందే, సెప్టెంబరు 22న, బయటపడెను. అక్టోబరు 9న రావలసిన చిత్రమును నిర్మాతలు సెప్టెంబరు 27ననే విడుదల చేసిరి. కృష్ణా జిల్లా పోలీసులు పెడనలోని సీ.డీ.ల దుకాణము నుండి ఒక చేతి నుండి మరొక చేతికి వెనుకకు వెదకుచు, నిర్మాణపు పనిలోని సహాయకుని వరకు పోయిరి. అతడు మిత్రునికి ఇచ్చిన నకలే ఇంత దూరము నడచెనని వారి అభియోగము. నేనెరిగినంతలో పేరులు బయటపడుట తరచు ఇట్లే. యంత్రముకంటె స్నేహితుడు ముందు చెప్పును.

శిక్ష స్వల్పము కాదు. తెలిసి హక్కును భంగపరచినచో ఆరు నెలల నుండి మూడేండ్ల వరకు చెర, 50,000 నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానా. వ్యాపార లాభము కొరకు కానిచో న్యాయాధికారి తగిన కారణములు వ్రాసి తగ్గింపవచ్చును. అయినను 2022 మేలో సుప్రీం కోర్టు దీనిని వారంటు లేకయే పట్టుకొనదగినదియు, జామీను హక్కుగా లభింపనిదియునగు నేరముగా నిర్ణయించెను. ఆ యేటి ఏప్రిలులోనే కేంద్ర ప్రభుత్వ సంస్థ యొకటి, విలాసమును మరుగుపరచు వీ.పీ.ఎన్. సంస్థలు ఖాతాదారుల పేరులను, చిరునామాలను ఐదేండ్లు భద్రపరుపవలయునని ఆదేశించెను. కొన్ని విదేశీ సంస్థలు తమ యంత్రములను ఈ దేశమునుండి తొలగించుకొని పోయినవి.

ఇక తుమ్మలపల్లె అరుగు సంగతి. చిట్టాలోని విలాసము ఇంటిది కాని మనిషిది కాదు. ఎవరు చేసిరో అది చెప్పదు. విచారణకు వచ్చువారు మాత్రము ముందుగా కనెక్షను కాగితముపై సంతకము చేసిన వానినే అడుగుదురు. టారెంటు తెరచినది లోపలి గదిలోని కుమారుడు కావచ్చును. సంతకము అరుగుమీద రేడియో వినుచున్న తండ్రిది.