సికింద్రాబాద్ రమ్మీ, సిద్దిపేట పోకర్

సిద్దిపేటలో ఇవాళ ఎవరైనా పోకర్ నేర్చుకుందామనుకుంటే మొదటి పాఠం పది నిమిషాల్లో అయిపోతుంది. చేతిలో రెండు ముక్కలు, ఎవరికీ చూపించొద్దు. మధ్యలో అందరికీ ఉమ్మడిగా ఐదు: ముందు మూడు, తర్వాత ఒకటి, ఆఖర్న ఇంకొకటి. ఈ ఏడింట్లో ఏరుకున్న మంచి ఐదే మన ఆట. జత కన్నా రెండు జతలు మేలు, వాటికన్నా ఒకే అంకెవి మూడు మేలు. కష్టమైంది రెండో పాఠం: ఇది తెలివా, అదృష్టమా?

ఈ ప్రశ్న మనకు పాతదే. ఫసలీ 1305లో, అంటే 1895-96 ప్రాంతంలో, నిజాం రాజ్యం జూదం మీద చట్టం చేసింది. నైపుణ్యపు ఆటల్ని మాత్రం వదిలేసింది. తెలంగాణలో 1974 దాకా నడిచింది ఆ చట్టమే. 1963లో సికింద్రాబాద్ క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బులో డబ్బుకు రమ్మీ ఆడుతున్నవాళ్లని పోలీసులు పట్టుకున్నారు. మేజిస్ట్రేటు శిక్ష వేశాడు, హైకోర్టు కొట్టేసింది, ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

1967 నవంబర్‌లో తీర్పొచ్చింది. మూడు ముక్కలాట ఉత్త అదృష్టం; రమ్మీ అలా కాదు, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పడేయాలో తెలియాలి అంది కోర్టు. క్లబ్బు ఆట మీద లాభం తీస్తే మాత్రం సంగతి వేరే అని కూడా అంది. ఈ రెండో మాట జనానికి అంతగా గుర్తులేదు.

ఆ తర్వాత గీత చెరిగిపోయింది. 2017లో తెలంగాణ తన చట్టాన్ని సవరించి, డబ్బు పందెం ఉంటే నైపుణ్యం అన్న సాకు చెల్లదంది. ఆన్‌లైన్ ఆటనీ అందులో చేర్చింది. 2025 ఆగస్టులో కేంద్రం చేసిన చట్టమూ డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల్ని, తెలివివైనా అదృష్టానివైనా, ఒకే గాటన కట్టింది.

పోకర్‌లో తెలివి లేదని కాదు. అయితే రమ్మీకి పందెం పైనుంచి తగిలించింది. తీసేసినా ఆట మిగులుతుంది. పోకర్‌లో పందెమే మాట. చేతిలో ఏమీ లేకపోయినా ఉన్నట్టు చెప్పడానికి, ఉన్నా లేనట్టు నటించడానికి ఆటగాడికి అదే నోరు. పోగొట్టుకునేది లేకపోతే ఎవరి అబద్ధాన్నీ ఎవరూ నమ్మరు.

అందుకే నేర్చుకునేవాళ్లకి ఒకటే సలహా: తలా యాభై చింతగింజలు పంచుకోండి. అయిపోతే మళ్లీ ఇవ్వకండి. భయం ఆ మాత్రం చాలు.