వర్చువల్ డిస్కు – నటన నుండి ఒప్పందమునకు

నిజాంసాగరపు ఆయకట్టులో జలాశయ మొక్కటే యైనను, తన తూము గుండ వచ్చు నీటిని ప్రతి రైతును తన కాలువ యనియే తలంచునట్లు, ఒకే కంప్యూటరును పలువురికి పంచి, ఎవరికి వారికే సంపూర్ణ యంత్రము లభించిన దను ప్రతీతిని కల్పించు విద్య వర్చువల్ మెషీను.

ఈ విద్యకు జన్మస్థానము అమెరికాలోని కేంబ్రిడ్జి నగరము. 1964లో అచటి ఐబీఎం శాస్త్రకేంద్రమున రాబర్ట్ క్రీసీ ప్రభృతు లారంభించిన సీపీ-40 వ్యవస్థ 1967 నాటికి వాడుకలోనికి వచ్చెను. ఒక్క డిస్కును ఖండములుగా విభజించి, ఒక్కొక్క ఖండమును మినీడిస్కు అను పేర ఒక్కొక్క అతిథికి, అనగా ఒక్కొక్క వర్చువల్ మెషీనునకు, స్వతంత్రమైన డిస్కుగా చూపుట ఆనాటి యేర్పాటే. అసలు డిస్కు పని ముగించి ఇంటరప్టు అను సంకేతమును పంపగనే, యంత్రమును పంచి యిచ్చు కంట్రోల్ ప్రోగ్రాము (సీపీ) దానిని తాను గ్రహించి, ఆ పని యెవరిదో విచారించి, ఆ యతిథికి మాత్రమే దాని ప్రతిరూపము నందించెడిది. 1972లో వెలువడిన వీఎం/370 నాటికి, సీఎంఎస్ అను అతిథి వ్యవస్థ తాను అతిథి నని యెరిగి, డయాగ్నోస్ అను ఆదేశముతో డిస్కుపనిని సూటిగా కోరుటయు నలవడెను.

ఆ సూటిదనము పర్సనల్ కంప్యూటర్ల యుగమున మరుగుపడెను. వీఎంవేర్ 1999లో ఈ విద్యను సామాన్యుని బల్లపైకి తెచ్చినపుడు, ఏ మార్పు నెరుగని అతిథిని నమ్మించుట కై పాత పరికరముల నటనయే శరణ్య మయ్యెను. ఐడీఈ డిస్కును చూపినచో, అతిథి సెక్టార్ల సంఖ్యను, చిరునామాను, ఆజ్ఞను వేర్వేరు పోర్టులలో వ్రాయును; ఒక్కొక్క వ్రాతకును అతిథి ఆగిపోగా, ఆతిథేయి లేని డిస్కును ఉన్నట్లు నటించి, తుదకు 14వ ఇంటరప్టును కల్పించవలసి వచ్చును.

2003లో జెన్ అను వ్యవస్థ, అతిథి తన స్థితి నెరిగి ఆతిథేయిని సూటిగా కోరు ఒప్పందపు మార్గమును మరల త్రొక్కెను. 2007లో కేవీఎం అను వర్చువల్ మెషీను వసతి లినక్సు కెర్నెలులో చేరెను. 2008లో రస్టీ రసెల్ రచించిన వర్ట్‌ఐఓ ఆ ఒప్పందపు మార్గమునకు స్థిరరూప మొసగెను. ఇందు అతిథి తన కోరికల నన్నిటిని ఉమ్మడి మెమరీలోని వరుసయందుంచి ఒక్కమారు హెచ్చరించును. ఆతిథేయి వానిని నెరవేర్చి, పూర్తియైన వానిని వేరొక వరుసలో గుర్తించి, ఒక్క ఇంటరప్టుతో పలు పనుల సమాప్తిని తెలుపగలదు. వరుసలు పెక్కు లున్నచో, ఎంఎస్ఐ-ఎక్స్ పద్ధతిచే ఒక్కొక్క వరుస ఇంటరప్టు ఒక్కొక్క ప్రాసెసరునకే చేరును.

ఇందల్వాయి నుండి నిజామాబాదునకు చదువుకై పోవు విద్యార్థులారా! వర్చువల్ మెషీనును నెలకొల్పునపుడు లినక్సు అతిథికి వర్ట్‌ఐఓ డిస్కునే యెన్నుకొనుడు. విండోస్ అతిథి యైనచో ముందుగా వర్ట్‌ఐఓ డ్రైవరును సిద్ధపరచుకొనుడు. ఎదుటివాని నిజస్థితి నెరిగి చేసికొన్న ఒప్పందము, ఎంతటి నేర్పుతో చేసిన నటన కంటెను వేగవంతమని ఈ యర్ధశతాబ్ది చరిత్ర నిరూపించినది.