ఉడుము

ఉడుము సరీసృపాల తరగతిలో వారానిడే కుటుంబానికి చెందిన పెద్ద బల్లి. దీని శాస్త్రీయ నామము వారానస్ బెంగాలెన్సిస్. ఇది ఇరాన్ ఆగ్నేయ భాగం నుండి భారతదేశం, శ్రీలంక, మయన్మార్ వరకు విస్తరించి ఉన్నది. ఆంధ్ర ప్రదేశ్‌లో నల్లమల అడవులలోనే గాక, గుంటూరు, ప్రకాశం ప్రాంతాలలో పత్తి, మిరప చేల గట్లమీద, చెరువు కట్టల వద్ద కూడా కనిపిస్తుంది.

శరీర లక్షణాలు

పూర్తిగా ఎదిగిన ఉడుము తోకతో కలిపి 175 సెం.మీ. వరకు పెరుగుతుంది. నాలుక పాము నాలుకవలె రెండుగా చీలి ఉంటుంది. దానితో గాలిలోని వాసనను గ్రహించి ఆహారాన్ని వెదకుతుంది. పగటివేళ సంచరించి, రాత్రి బొరియలలో, చెట్ల తొర్రలలో తలదాచుకుంటుంది. చెట్లు ఎక్కగలదు, ఈదగలదు. ఎవరైనా బయటకు లాగబోతే గోళ్ళతో బొరియ గోడను పట్టుకొని, శరీరాన్ని ఉబ్బించి కదలక ఉంటుంది. 'ఉడుముపట్టు' అనే నుడికారానికి మూలం ఇదే.

ఆహారం, సంతానోత్పత్తి

పేడపురుగులు, మిడతలు, తేళ్ళు, నత్తలు, పీతలు, ఎలుకలు, పక్షి గ్రుడ్లు దీని ఆహారం. పురుగులను, ఎలుకలను తినుటవలన ఇది రైతుకు మిత్రుడు. వానాకాలంలో ఆడ ఉడుము నేలలో గుంట త్రవ్విగాని, చెదపుట్టలోగాని సుమారు 20 గ్రుడ్లు పెట్టి మట్టితో కప్పుతుంది. అవి పొదగబడడానికి ఆరు నుండి ఎనిమిది నెలలు పట్టవచ్చును. అందువలన ఒక పుట్టను త్రవ్విపోస్తే ఒక ఏడాది సంతానమంతా నశించే ప్రమాదమున్నది.

ముప్పు

మాంసం కోసం, చర్మం కోసం ఉడుములను వేటాడుతున్నారు. కంజీర వాద్యానికి పూర్వం దీని చర్మాన్నే వాడేవారు. ఇప్పుడు మేకతోలు కూడా వాడుతున్నారు. 'హత్తాజోడి' పేరుతో అదృష్టం తెచ్చే మొక్క వేరుగా అమ్ముతున్న వస్తువు, నిజానికి మగ ఉడుము జననాంగాలను ఎండబెట్టినదని 2017లో పరిశోధకులు వెల్లడించారు. పురుగుమందులవలన కీటకాలు తగ్గడం, గట్లు, పుట్టలు చదును చేయడం కూడా దీని మనుగడకు చేటు కలిగిస్తాయి.

సంరక్షణ

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో ఉడుము ఉన్నది. దీనిని వేటాడినవారికి మూడు నుండి ఏడేళ్ళ వరకు జైలుశిక్ష, జరిమానా విధించవచ్చును. సైటిస్ ఒప్పందం మొదటి అనుబంధంలో ఉన్నందున అంతర్జాతీయ వ్యాపారం నిషిద్ధం. ఐ.యు.సి.ఎన్. దీనిని 'ముప్పుకు చేరువలో ఉన్న' జాతిగా వర్గీకరించినది. ఇంటిలోనికిగాని బావిలోనికిగాని ఉడుము వచ్చినచో దానిని కొట్టక, అటవీశాఖ వారికి తెలియజేయవలెను.